ముద్ద మింగాక ఏమవుతుంది? అరుగుదలను ఇంట్లోనే పరీక్షించి చూసే పద్ధతి

రాగి ముద్దను నమలరు, మింగుతారు. బెంగళూరు ముద్ద హోటళ్లలో చూసినా, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఇళ్లలో చూసినా అదే తీరు. ఒక చిన్న ఉండ తుంచి, సారులో ముంచి, గొంతులోకి జారుస్తారు. బడిలో పిల్లలకు మాత్రం అరుగుదల నోట్లోనే మొదలవుతుందని, ప్రతి ముద్దా బాగా నమలాలని చెబుతారు. రెండూ నిజమైతే, నమలని రాగి ముద్ద ఎక్కడ అరుగుతున్నట్టు?

మందుల షాపులో దొరికే అయోడిన్ సీసా, నాలుగైదు గాజు గ్లాసులు, ఒక సెలవురోజు ఉదయం ఉంటే దీనికి జవాబును కళ్లతో చూడొచ్చు. ఆరో తరగతి దాటిన పిల్లలు పెద్దల పక్కన నిలబడి ఈ పనులన్నీ చేయగలరు.

ముందుగా ఒక్క రసాయన విషయం. అరుగుదల అంటే ఆహారం మెత్తబడటం కాదు, కరగడమూ కాదు. పెద్ద అణువుల్లోని బంధాలను నీటి అణువుతో తెంచడం. పిండిపదార్థం వేల గ్లూకోజులు ఒకదానికొకటి అతుక్కున్న గొలుసు. ఒక్కో అతుకు తెగినప్పుడు ఒక్కో నీటి అణువు ఖర్చయి, తెగిన చోట చేరిపోతుంది. అందుకే 100 గ్రాముల పిండిపదార్థం పూర్తిగా తెగితే సుమారు 111 గ్రాముల గ్లూకోజు వస్తుంది. పెరిగిన 11 గ్రాములూ నీళ్లే. 80 గ్రాముల రాగి పిండితో చేసిన ముద్దలో పిండిపదార్థం 50 గ్రాముల దాకా ఉంటుంది, అంటే దాదాపు 55 గ్రాముల గ్లూకోజు. పెద్దవాళ్ల రక్తం మొత్తంలో ఏ సమయంలోనైనా ఉండే గ్లూకోజు 5 గ్రాములే. పదింతల సరుకు ఒక్కసారిగా రక్తంలో పడకుండా, తునక తునకగా అందేలా చూడటం కూడా ఈ ఏర్పాటులో భాగమే.

నీళ్లు ఒక్కటే ఉంటే ఈ అతుకులు తెగవు. గంజి రాత్రంతా అలాగే ఉంటుంది కదా. తెంచేది ఎంజైము. దానికి తనదైన వేడి, తనదైన పులుపు కావాలి, తాను పట్టుకోగలిగిన అతుకే దొరకాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా పని ఆగిపోతుంది. కింది పరీక్షలన్నీ ఆ మూడింటిని ఒక్కొక్కటిగా మార్చి చూడటమే.

ఉమ్ము, గంజి, అయోడిన్

కావలసినవి: 5 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణం (గాయాలకు రాసే ఎర్రటి మందు, ఆయింట్‌మెంట్ కాదు, ద్రావణమే కావాలి), వెనిగర్, ఒక డ్రాపరు, మందు సీసాతో వచ్చే కొలత మూత, చిన్న గాజు గ్లాసులు ఐదు, తెల్ల పింగాణీ పళ్లెం, పిండి. వంటలో వాడే థర్మామీటరు ఉంటే మేలు, లేకపోయినా పని జరుగుతుంది.

అయోడిన్ 1 మి.లీ.కి 9 మి.లీ. నీళ్లు కలిపితే పలుచని డికాషన్ రంగు వస్తుంది. అంతకంటే చిక్కగా ఉంటే రంగు మార్పులు కనిపించవు.

గంజికి బియ్యప్పిండి తేలిక. అర చెంచా పిండిని కొద్ది చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న 150 మి.లీ. నీళ్లలో పోసి రెండు నిమిషాలు తిప్పండి. రాగితోనే చేయాలనుకుంటే చెంచాడు పిండిని నీళ్లలో కలిపి, పలుచని గుడ్డలో రెండుసార్లు వడగట్టి, దిగిన తెల్లటి రాగిపాలను కాచండి. పొట్టు రంగు అడ్డొస్తే అయోడిన్ రంగు సరిగా తెలియదు.

ఉమ్ము పట్టే ముందు అరగంట ఏమీ తినకూడదు. నోరు మంచినీళ్లతో పుక్కిలించి, ఐదు నిమిషాలు ఆగి, 5 మి.లీ. దాకా పట్టి, అంతే నీళ్లు కలపండి. పళ్లు తోమిన వెంటనే వద్దు, పేస్టులోని నురగ పదార్థం ఎంజైమును పాడుచేస్తుంది. ఎవరి ఉమ్ముతో వాళ్లే చేయాలి, ఒకరిది ఇంకొకరు ముట్టుకోవద్దు.

ఇప్పుడు గ్లాసులు. మొదటి దానిలో గంజి 10 మి.లీ., నీళ్లు 2 మి.లీ. రెండో దానిలో గంజి 10, ఉమ్ము 2. మూడో దానిలో అంతే గంజి, అంతే ఉమ్ము, కానీ ఆ ఉమ్మును ముందే మరిగే నీళ్ల గిన్నెలో పది నిమిషాలు ఉంచి చల్లార్చాలి. నాలుగో దానిలో గంజికి ముందు 2 మి.లీ. వెనిగర్ కలిపి, తర్వాత ఉమ్ము పోయాలి. ఐదో దానిలో గంజి ఉండదు, నీళ్లు 10, ఉమ్ము 2. ఈ ఐదోది అనవసరం అనిపిస్తుంది, కానీ దీన్ని వదిలేయొద్దు. ఎందుకో తర్వాత తెలుస్తుంది.

గ్లాసులన్నీ వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టండి. శరీరం వేడి 37 డిగ్రీలు కావాలి. ఒక వంతు మరిగిన నీళ్లకు నాలుగు వంతుల కుళాయి నీళ్లు కలిపితే దాదాపు అక్కడికి వస్తుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఇక్కడి కుళాయి నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి మూడు వంతులు చాలు. ఈ వేడి విషయంలో బద్ధకిస్తేనే పరీక్ష చెడుతుంది. చలికాలం పొద్దున గది వేడిమికి వదిలేస్తే ఎమైలేజ్ అనే ఈ ఎంజైము బాగా నెమ్మదిస్తుంది, పావుగంట చూసి 'ఏమీ కాలేదు' అని పారబోసేస్తారు.

పళ్లెంలో వరసగా అయోడిన్ చుక్కలు పెట్టుకుని, నిమిషానికోసారి ఒక్కో గ్లాసులోంచి ఒక చుక్క తీసి వాటి మీద వేయండి. గ్లాసు మార్చినప్పుడల్లా డ్రాపరు కడగండి. అయోడిన్‌ను గ్లాసులోనే పోయకండి, అది ఎంజైము పనికి అడ్డుపడుతుంది.

మొదటి గ్లాసు చుక్క ఎప్పుడు చూసినా నల్లటి నీలమే. పిండిపదార్థపు గొలుసు మెలికలు తిరిగి ఉంటుంది, అయోడిన్ ఆ మెలికల లోపల ఇరుక్కుంటే వచ్చే రంగది. రెండో గ్లాసు చుక్క ముందు నీలం, కాసేపటికి ఊదా, ఆపైన ఎర్రటి గోధుమ, చివరకు ఉత్త అయోడిన్ పసుపు. గొలుసు పొట్టిబడుతున్నకొద్దీ మెలికలు తగ్గుతాయి, రంగు దిగుతుంది. ఆ ఊదా, గోధుమ రంగుల దగ్గర ఆగి చూడండి. సగం తెగిన ముక్కలు కంటికి కనిపించే చోటు అదొక్కటే. మూడోదీ నాలుగోదీ నీలంగానే ఉండిపోతాయి. ఎంజైము ప్రొటీన్ కాబట్టి మరిగిస్తే దాని ఆకారం చెడింది, పులుపు తగిలినా చెడింది.

రెండో గ్లాసు రంగు దిగడానికి కొందరికి మూడు నాలుగు నిమిషాలు చాలు, కొందరికి పావుగంట పట్టొచ్చు. ఉమ్ములోని ఎమైలేజ్‌ను తయారుచేసే జన్యువు కాపీల సంఖ్య మనిషికీ మనిషికీ మారుతుంది. పిండిపదార్థం బాగా తినే సమాజాల్లో ఈ కాపీలు సగటున ఎక్కువని 2007లో వెలువడిన పరిశోధన చూపింది. అన్నకు త్వరగా, చెల్లెలికి ఆలస్యంగా వస్తే అది ఆరోగ్యంలో లోపమని అనుకోవద్దు.

తప్పులు జరిగే చోట్లు చెప్పుకోవాలి. గంజి వేడిగా ఉండగానే అయోడిన్ తగిలితే నీలం రాదు, చల్లారితే వస్తుంది. వెనిగర్ లేదని నిమ్మరసం పిండితే మొత్తం తారుమారవుతుంది. నిమ్మరసంలోని సి విటమిన్ అయోడిన్ రంగునే చంపేస్తుంది, పిండిపదార్థం అరిగిపోయినట్టు అబద్ధపు ఫలితం వస్తుంది. ఉమ్ములోని ఇతర పదార్థాలు కూడా కొంచెం అయోడిన్‌ను తినేస్తాయి, ఐదో గ్లాసు అందుకే. దాని చుక్క పసుపుగా ఉండకుండా తెల్లబోతే పళ్లెం మీద అయోడిన్ ఇంకో చుక్క పెంచాలి. గంజి మరీ చిక్కగా ఉంటే అరగంటైనా నీలం పోదు, అంతే నీళ్లు కలిపి మళ్లీ మొదలుపెట్టండి. పళ్లెం మీదా వేళ్ల మీదా పడ్డ మరకలకు మాత్రం నిమ్మచెక్క బాగా పనికొస్తుంది.

ఇక ముద్ద సంగతి. వండిన రాగి ముద్దలోంచి గోళీకాయంత ఉండలు రెండు తీసుకోండి. ఒకటి అలాగే, ఇంకోటి చెంచాతో మెదిపి, చెరో గ్లాసులో ఉమ్ము కలిపిన నీళ్లలో గోరువెచ్చగా 20 నిమిషాలు ఉంచండి. మెదిపినది పలచబడుతుంది. అలాగే వేసిన ఉండను చాకుతో రెండుగా కోసి, కోసిన ముఖం మధ్యలో అయోడిన్ చుక్క వేయండి. వెంటనే నల్లబడుతుంది. ఎంజైము లోపలికి చేరనేలేదు. నమలకుండా మింగిన ముద్దకూ ఇదే జరుగుతుంది. నోరు దాన్ని దాదాపు ముట్టుకోదు.

అంతమాత్రాన నష్టమేమీ లేదు. నమలడం వల్ల పని రెండు విధాలు: ముక్క చేయడం, ఉమ్ము కలపడం. రాగి ముందే పిండైంది, ఉడికింది, కాబట్టి ముక్క చేసే పని తిరగలి, పొయ్యి చేసేశాయి. ఉమ్ము చేయాల్సిన పని చిన్నపేగు మొదట్లో క్లోమం (పాంక్రియాస్) నుంచి వచ్చే ఎమైలేజ్ చేస్తుంది, అది ఎలాగూ ఎక్కువ భాగం మోసేదే. వేరుశెనగలు, కొబ్బరి, మాంసం విషయంలో ఇలా కుదరదు. వాటిని ముక్క చేయడానికి పళ్లు తప్ప వేరే దారి లేదు. మింగిన వేరుశెనగ పలుకు పలుకుగానే బయటికి పోతుంది.

పచ్చి పిండితోనూ ఒకసారి చేసి చూడండి. ఉడకని పిండి రేణువులోకి ఎంజైము చొరబడలేదు, గంట తర్వాత కూడా నీలం గట్టిగా ఉంటుంది. ఉడికినప్పుడు రేణువు నీళ్లు తాగి ఉబ్బి విచ్చుకుంటుంది, అప్పుడే గొలుసులు చేతికి అందుతాయి. వంటను అరుగుదలలో మొదటి మెట్టుగా లెక్కపెట్టాలి.

నోట్లో తయారయ్యేది గ్లూకోజు కాదు

అన్నం చాలాసేపు నమిలితే తియ్యగా అనిపిస్తుంది కాబట్టి గ్లూకోజు వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. ఎమైలేజ్ గొలుసును మధ్యమధ్యలో కోస్తుంది, చివరికి మిగిలేవి రెండు గ్లూకోజుల మాల్టోజ్, మూడింటి మాల్టోట్రయోజ్, కొమ్మలున్న చిన్న ముక్కలు. గొలుసు కొమ్మ వేసిన చోటి అతుకును అది కోయలేదు.

దీన్నీ పరీక్షించవచ్చు. మందుల షాపులో అమ్మే యూరిన్ షుగర్ స్ట్రిప్పు గ్లూకోజును మాత్రమే గుర్తుపడుతుంది. రంగు పూర్తిగా దిగిపోయిన రెండో గ్లాసులో ముంచి, డబ్బా మీద రాసినన్ని సెకన్లు ఆగి చూస్తే దాదాపు మార్పు ఉండదు. చిటికెడు గ్లూకోజు పొడి కలిపిన నీళ్లలో ముంచిన స్ట్రిప్పుతో పోల్చుకోండి. అదే ద్రావణానికి బెనెడిక్ట్ పరీక్ష (కొన్ని రకాల చక్కెరలతో రంగు మారే నీలి ద్రావణంతో చేసేది) చేస్తే మాత్రం రంగొస్తుంది. 2 మి.లీ. బెనెడిక్ట్ ద్రావణానికి 1 మి.లీ. మిశ్రమం కలిపి, మరిగే నీళ్లలో ఐదు నిమిషాలు నిలబెడితే నీలం పోయి ఆకుపచ్చ, పసుపు, ఇటుక రంగుల దాకా వెళ్తుంది. మాల్టోజ్ కూడా ఈ పరీక్షకు లొంగుతుంది. బెంగళూరు 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి, ఈ పరీక్షకు ఆ వేడి సరిపోతుంది.

మాల్టోజ్‌ను గ్లూకోజుగా విడదీసే ఎంజైములు చిన్నపేగు లోపలి గోడ కణాలకే అంటుకుని ఉంటాయి. పంచదారను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా, పాలలోని లాక్టోజును గ్లూకోజు, గాలక్టోజులుగా విడదీసేవీ అక్కడే. చివరి కోత గోడ మీదే జరగడంలో మర్మముంది. తెగిన గ్లూకోజు అక్కడికక్కడే కణంలోకి పోతుంది, పేగులో పోగుపడి నీళ్లను లాగదు.

పసిపిల్లలున్న ఇళ్లకు పనికొచ్చే పరీక్ష ఇంకొకటుంది. 20 గ్రాముల రాగి పిండితో 200 మి.లీ. చిక్కటి జావ కాచి దించి, ఐదు నిమిషాలు ఆగండి. 65, 70 డిగ్రీలకు దిగాక, మొలకెత్తించి ఎండబెట్టి పట్టిన రాగి పిండి అర చెంచా చన్నీళ్లలో కలిపి అందులో వేసి తిప్పండి. పది నిమిషాల్లో చెంచా నిలబడే జావ తాగేటంత పలుచన అవుతుంది. మొలకలోనూ ఎమైలేజ్ ఉంటుంది, గింజల ఎమైలేజ్ మన ఉమ్ములోని దానికంటే ఎక్కువ వేడికి తట్టుకుంటుంది. 1833లో ఫ్రాన్సులో పాయెన్, పెర్సో అనే ఇద్దరు మొలకెత్తిన బార్లీ నుంచి దీన్నే వేరుచేశారు, రసాయనికంగా వేరుచేసిన మొదటి ఎంజైము ఇదే. బిడ్డకు నీళ్లు పోసి పలుచన చేసిన జావ పడితే బలం తగ్గుతుంది, ఇలా పలుచన చేస్తే పిండి అంతా అందులోనే ఉంటుంది. పలుచబడ్డాక ఇంకోసారి ఒక పొంగు రానివ్వడం తప్పనిసరి, తర్వాత వేసిన పిండి పచ్చిది కదా. షాపుల్లో అమ్మే మాల్టు పొడి చాలావరకు వేయించినది, అందులో ఎంజైము చచ్చిపోయి ఉంటుంది. ఇంట్లో పట్టించేటప్పుడు కూడా మొలకలను ఎర్రగా వేయిస్తే ఇంతే.

ప్రొటీన్: పులుపు ఎందుకంటే

పొట్టలోని ఆమ్లం పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) పరగడుపున 1.5, 2 మధ్య ఉంటుంది, అన్నం పడగానే 4, 5 దాకా పెరిగి మళ్లీ నెమ్మదిగా దిగుతుంది. ఆమ్లం తానే ప్రొటీన్‌ను తునకలు చేయదు. మడతలు విప్పుతుంది, పెప్సిన్ అనే ఎంజైమును నిద్రలేపుతుంది. పెప్సిన్ గొలుసును కోస్తుంది. 1822లో అమెరికాలో తుపాకి గుండు తగిలి పొట్టకు రంధ్రం పడి, అది పూడకుండా ఉండిపోయిన అలెక్సిస్ సెయింట్ మార్టిన్ పొట్టలోకి డాక్టర్ విలియం బోమాంట్ పట్టుదారానికి కట్టిన ఆహారపు ముక్కలను దించి, గంటగంటకూ బయటికి లాగి చూశాడు. జఠర రసాన్ని గ్లాసులోకి తీసి వెచ్చగా ఉంచితే అందులోనూ మాంసం కరుగుతోందని ఆయన చూపించాడు. అరుగుదల ప్రాణశక్తి వల్ల కాదు, రసాయనం వల్ల అని రుజువైన ప్రయోగాల్లో అదొకటి.

ఇంట్లో దీన్ని చూడాలని టాయిలెట్ కడిగే యాసిడ్ మాత్రం ముట్టుకోవద్దు. కళ్లకూ ఊపిరితిత్తులకూ ప్రమాదం. దానికి బదులు అనాసపండు. అందులోని బ్రోమిలైన్ ప్రొటీన్‌ను కోసే ఎంజైమే, కాకపోతే దానికి పొట్టలో ఉండేంత పులుపు అక్కర్లేదు.

రుచి, రంగు కలపని జెలటిన్ 3 గ్రాములు 100 మి.లీ. వేడినీళ్లలో కరిగించి, మూడు చిన్న కప్పుల్లో పోసి ఫ్రిజ్‌లో మూడు గంటలు గడ్డకట్టనివ్వండి. ఒకదానిపై పచ్చి అనాస ముక్క, ఒకదానిపై ఐదు నిమిషాలు ఉడికించిన ముక్క పెట్టి, మూడోది ఖాళీగా వదిలి, బయట గది వేడిలో ఉంచండి. గంట, రెండు గంటల్లో పచ్చి ముక్క కింద గుంట పడి నీళ్లవుతుంది. ఉడికినది అలాగే ఉంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం చేస్తే మూడూ కరిగిపోవచ్చు, జెలటిన్ 30 డిగ్రీలు దాటితే తానే కరుగుతుంది. ఖాళీ కప్పు పెట్టింది ఆ మోసాన్ని పట్టుకోవడానికే. జెలటిన్ బదులు చైనా గ్రాస్ లేదా దానితో చేసిన శాకాహార జెల్లీ తెచ్చి, ఏమీ కాలేదని వాపోయేవాళ్లు చాలామంది. చైనా గ్రాస్ సముద్రపు నాచు నుంచి వచ్చే పిండిపదార్థం లాంటిది, అందులో ప్రొటీన్ అతుకులే లేవు, ప్రొటీన్ ఎంజైముకు అక్కడ పనేముంటుంది?

జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది. వద్దనుకునే ఇళ్లలో పాలు చాలు. కాచి చల్లార్చిన 50 మి.లీ. పాలలో రెండు చెంచాల పచ్చి అనాస రసం, ఇంకో 50 మి.లీ.లో మరిగించి చల్లార్చిన రసం కలిపి, అరగంటాగి నాలుక చివర రుచి చూడండి. పులుపు వల్ల రెండూ విరగొచ్చు, కానీ పచ్చి రసం కలిపినవి చేదెక్కుతాయి. ఆ చేదు తెగిన ప్రొటీన్ ముక్కలది. రుచి చూసే పరీక్షకు అయోడిన్ తగిలిన గ్లాసులు వాడకండి.

పెప్సిన్ పనిని అతిగా చెప్పుకోవద్దు. ప్రొటీన్‌లో ఎక్కువ భాగం క్లోమం పంపే ట్రిప్సిన్ వంటి వాటి వల్లే చిన్నపేగులో తెగుతుంది, జబ్బు వల్ల పొట్ట తీసేసిన వాళ్లు కూడా ప్రొటీన్ అరిగించుకోగలరు. ట్రిప్సిన్ క్లోమంలో ఉన్నంతసేపూ పని చేయని రూపంలో ఉంటుంది, పేగులోకి వచ్చాకే అక్కడి ఎంటెరోకైనేజ్ దాన్ని మేల్కొలుపుతుంది. ఆ మేలుకోవడం క్లోమంలోనే జరిగితే క్లోమం తనను తానే అరిగించుకుంటుంది. క్లోమం వాపు జబ్బు అంత బాధ పెట్టడానికి కారణం అదే.

పచ్చి పప్పుగింజల్లో ట్రిప్సిన్‌ను పట్టి ఆపే పదార్థాలుంటాయి. బాగా ఉడికితే అవి చెడిపోతాయి. పలుకుగా దించిన గింజలు కడుపులో భారంగా ఉండటానికి అదీ ఒక కారణం.

నూనె

ఇది చిన్న పరీక్ష. 100 మి.లీ. నీళ్లలో చెంచాడు వేరుశెనగ నూనె వేసి, మూత బిగించి ఇరవైసార్లు కుదిపి పెట్టండి. నిమిషంలో నూనె పైకి తేలుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ ఐదు చుక్కలు వేసి మళ్లీ కుదిపితే పాల రంగు తెల్లదనం చాలాసేపు నిలుస్తుంది. పైత్యరసం చేసేది ఇంతే, నూనెను చిన్న చిన్న బొట్లుగా పట్టి ఉంచడం. అది ఎంజైము కాదు, ఒక్క అతుకునూ తెంచదు. బొట్లు చిన్నవైతే పైభాగం పెరుగుతుంది, అప్పుడు క్లోమం నుంచి వచ్చిన లైపేజ్ ఒక్కో కొవ్వు అణువులో రెండు కొవ్వు ఆమ్లాలను కోసేస్తుంది. లిక్విడ్ బదులు ఒంటి సబ్బు గీకి వేస్తే బోరు నీళ్లున్న అపార్ట్‌మెంట్లలో పరీక్ష తప్పుతుంది. ఆ నీళ్లలోని కాల్షియం సబ్బును తెట్టుగా మార్చేస్తుంది, నూనె పట్టదు. కావేరి నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో వాడండి.

లైపేజ్ కోత వాసనగా తెలుసు మనకు. మూత తీసి రోజులపాటు వదిలేసిన వెన్న కంపు, కొవ్వు నుంచి విడిపోయిన బ్యుటిరిక్ ఆమ్లానిది.

గోడ దాటడం

మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న ముద్ద ఐదు గంటల దాకా పొట్టలోంచి కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. ఒకటి రెండు మి.మీ. కంటే పెద్ద తునకను పొట్ట చివరి ద్వారం సులభంగా వదలదు. నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. చిన్నపేగు దాటడానికి మరో మూడు నుంచి ఐదు గంటలు. పేగు గోడ మడతలు, చూషకాలు (వేళ్లలా పొడుచుకొచ్చిన సన్నని భాగాలు), వాటి మీది ఇంకా సన్నని పోగులు అన్నీ కలిపి పరిస్తే సుమారు 30 చదరపు మీటర్లు, చిన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో సగం. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ గొలుసులోని ఒక్కో కొక్కెం), రెండు మూడు అమైనో ఆమ్లాల ముక్కలు కణాల్లోకి వెళ్తాయి, ఆ ముక్కలు చాలావరకు అక్కడే విడి అమైనో ఆమ్లాలుగా తెగి, అన్నీ రక్తంలోకి చేరి ముందు కాలేయానికి వెళ్తాయి. కొవ్వు మాత్రం కణం లోపల మళ్లీ అతుక్కుని, శోషరస నాళాల దారిన చుట్టు తిరిగి రక్తంలో కలుస్తుంది.

భోజనంలో నీళ్లు తాగితే రసాలు పలుచనై అరగదన్న భయం అక్కర్లేదు. రోజుకు ఉమ్ము, జఠర రసం, పైత్యం, క్లోమ రసం, పేగు రసం అన్నీ కలిపి ఏడు లీటర్ల దాకా శరీరమే పోస్తుంది. గ్లాసుడు నీళ్లు అందులో ఎంత?

కోయలేని అతుకులూ ఉన్నాయి. డిసెంబరు, జనవరిలో బెంగళూరు మార్కెట్ల నిండా అనపకాయలే. ఆ గింజల్లోని రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరల అతుకును తెంచే ఎంజైము మన చిన్నపేగులో లేదు. అవి అలాగే పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా తిని గ్యాసు వదులుతాయి. రాత్రి ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించాలి. నానిన నీళ్లలోకి ఆ చక్కెరలు కొంత దిగిపోతాయి. పితికిపప్పు చేసుకుంటే నానబెట్టడం, తోలు తీయడం రెండూ అయిపోతాయి కాబట్టి పిల్లలకూ పెద్దవాళ్లకూ అదే నయం. పెద్దయ్యాక పాలు పడకపోవడమూ ఇలాంటిదే, లాక్టోజును కోసే ఎంజైము వయసుతో తగ్గుతుంది. పెరుగులో లాక్టోజు కొంత తగ్గి ఉంటుంది, పెరుగులోని బాక్టీరియా తమ ఎంజైమును కూడా వెంట తెస్తాయి, అందుకే పాలు పడనివాళ్లకు కూడా పెరుగన్నం పడుతుంది.

ఇదంతా తెలిస్తే విరేచనాలప్పుడు ఏం చేయాలో స్పష్టమవుతుంది. పేగు గోడ మీద గ్లూకోజును లోపలికి తీసుకెళ్లే ఎస్‌జీఎల్‌టీ-1 అనే ప్రొటీన్ ఒక గ్లూకోజుతో పాటు రెండు సోడియంలను మోస్తుంది, వాటి వెంట నీళ్లు వస్తాయి. చాలా విరేచనాల్లో ఈ దారి చెడిపోకుండా ఉంటుంది. ఓఆర్‌ఎస్ పని చేసేది దీని మీదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం లీటరుకు గ్లూకోజు 13.5 గ్రా., ఉప్పు 2.6 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రా., ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రా. ప్యాకెట్ దొరికితే దాని మీద రాసినన్ని నీళ్లు పూర్తిగా పోసి కలపాలి, ప్యాకెట్‌ను సగం చేసి అందాజుగా కలపకూడదు. దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, తలగొట్టిన అర చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మి.లీ. చెంచా, గోపురంగా తీయొద్దు. తియ్యగా ఉంటే బిడ్డ తాగుతుందని పంచదార పెంచితే, మోయలేనంత చక్కెర పేగులోనే నిలిచి నీళ్లను ఎదురు లాగుతుంది, విరేచనం ఎక్కువవుతుంది. కూల్‌డ్రింకు ఇవ్వకూడదనేది అందుకే. ఉప్పు పెరిగితే ఇంకా ప్రమాదం. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. బిడ్డ తాగలేకపోతున్నా, మూత్రం తగ్గినా, కళ్లు లోపలికి పోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో కొలతలు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.